అప్పగింతలు దాటని కూలర్లు

కంప్యూటర్‌ని నీళ్ళతో చల్లబరిచే కూలర్ గురించి ఎవరైనా గొప్పగా చెబితే నేను డిగ్రీలు అడగను. తాళి దాటిందా, తలంబ్రాల దాకా వెళ్ళిందా అని అడుగుతాను. ఎదుటివాళ్ళు నా మొహంలోకి అనుమానంగా చూస్తారు. అప్పుడు మా పెళ్ళి సంగతి మొదటినుంచీ చెప్పుకోవాల్సి వస్తుంది.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. పలాసలో మా ఆయనకి ఫొటో స్టూడియో ఉండేది. పేరుకి ఫొటో స్టూడియోగాని మాకు తిండి పెట్టేది పెళ్ళి వీడియోలే. ఆయన తీసుకొస్తాడు, నేను మిక్సింగ్ చేస్తాను. టెక్కలిలో డిగ్రీ చదివేటప్పుడు నేర్చుకున్న కంప్యూటర్ కోర్సు అలా అక్కరకొచ్చింది. పెళ్ళికొడుకు తల చుట్టూ గులాబీలు తిరగాలంటాడు ఆయన. సరేనని పెడతాను. ఆయన భోజనానికి వెళ్ళాక తీసేస్తాను. మా కాపురం ఆ పద్ధతిలో సజావుగానే సాగుతుండేది.

వచ్చిన చిక్కల్లా కంప్యూటర్‌తోనే. దాని లోపల ప్రాసెసర్ అని ఒక బిళ్ళ ఉంటుంది, ఆలోచించే పనంతా దానిదే. దాని నెత్తిన ఒక చిన్న ఫ్యాను. మాఘమాసం పెళ్ళిళ్ళకి ఆ ఫ్యాను సరిపోయేది. వైశాఖం వచ్చేసరికి మా రేకుల కప్పు కింద బిళ్ళ కాగిపోయి కంప్యూటర్ టక్కున ఆగిపోయేది. మిక్సింగ్ అంటే మేం కూర్చి పెట్టిన పెళ్ళిని ఆ యంత్రం ఒక్కో బొమ్మా కలుపుకుంటూ మొదటినుంచి చివరిదాకా నడవాలి. గంటలకొద్దీ పని. మధ్యలో ఆగిందంటే మళ్ళీ వినాయకుడి బొమ్మ దగ్గర్నుంచి మొదలు. అందుకని ఎండాకాలం పెళ్ళిళ్ళని ముక్కలు చేసి, వేర్వేరు సీడీల్లో ఇచ్చేవాళ్ళం.

మా పెళ్ళిని మాత్రం ముక్కలు చెయ్యడానికి మా అత్త ఒప్పుకోలేదు.

"ఊరోల పెళ్ళిళ్ళు మీ ఇట్టం. మనింట్లో పెళ్ళిని ముక్కలు సేత్తే నాను ఊరుకోను. సెడ్డమాట అది" అంది.

ఆవిడ మాటంటే మా ఆయనకి వేదం. కాబట్టి మా పెళ్ళయి రెండేళ్ళు దాటినా మా పెళ్ళి వీడియో తయారవలేదు. చలికాలంలో చేద్దామంటే ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళతో కంప్యూటర్ ఖాళీ ఉండేది కాదు. పలాస నుంచి మందస దాకా అందరి పెళ్ళిళ్ళూ మా చేతుల మీదుగా వెళ్ళాయి, మాది తప్ప. మా పెళ్ళి తీసిన కేసెట్ల మీదే తర్వాత వేరే వాళ్ళ పెళ్ళిళ్ళు తీశాం, అది ఆ పనిలో మామూలే. మా పెళ్ళి ఆ కంప్యూటర్ కడుపులో మాత్రమే మిగిలింది, అందులోంచి ఒక్క ముక్క విడిగా తీసి చూపించడానికి కూడా అత్త ఒప్పుకోదు.

నాకు వీడియో మీద మోజు లేదు. అది మామ్మకి కావాలి.

మామ్మ అంటే మా నాన్నకి తల్లి. మందస దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు, కొబ్బరి తోటల మధ్యన. నన్ను పెంచింది ఆవిడే. పెళ్ళి పలాసలో మా ఆయన వాళ్ళింటి దగ్గర జరిగింది. దానికి ముందు వారమే మామ్మ తోటలో పచ్చిమట్ట మీద కాలేసి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం మీదనుంచే నాకు అక్షింతలు వేసి పంపింది. ఆ తర్వాత కర్ర పట్టుకుని ఇంట్లో తిరిగేదిగాని, ఆ రోడ్డు మీద ఆటోలో కుదుపులు పడి పలాస వచ్చే స్థితి లేదు. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట.

"పెళ్ళంతా నాకెందుకే. అన్ని పెళ్ళిళ్ళూ ఒకలాగే ఉంటాయి. అప్పగింతలు సూపించు సాలు. నిన్ను ఎవల సేతిలో ఎట్టినారో సూడాల."

ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది. ఎవరి చేతిలో పెట్టారో ఆ మనిషి పక్కనే కూర్చుని జీడిపప్పు నములుతుండేవాడు, అయినా వచ్చేది. ఆ ఏడు మామ్మకి ఒక కంట్లో శుక్లం ముదిరి రెండో కంట్లోనూ మొదలైంది. ఆపరేషన్ చేయిద్దామంటే నా కన్ను ఎవరి చేతిలోనూ పెట్టనని మొండికేసింది. ఆ రెండో కన్ను కూడా మసకబారేలోగా అప్పగింతలు చూపించాలని నేను పంతం పట్టాను.

మా పోటీ అలా మొదలైంది. పోటీదారులు ఇద్దరు. ఒకడు మా ఆయన, రెండోవాడు మా తమ్ముడు. వాడు ఊళ్ళో తోట చూసుకునేవాడు, మోటార్లు విప్పడంలో దిట్ట. వీళ్ళిద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకుంటారు, కాబట్టి పక్కగదిలోంచి వింటే ఒకే మనిషి తనతో తను దెబ్బలాడుకుంటున్నట్టుంటుంది. ఫ్యానుతో పనికాదు, నీళ్ళు కావాలి అన్నదాంట్లో ఇద్దరిదీ ఒకటే మాట. టెక్కలిలో లేతు మిషన్ షాపుకి వెళ్ళి, బిళ్ళ మీద అతికినట్టు కూర్చునే రాగి పలక ఒకటి చేయించుకొచ్చారు. పలక లోపల నీళ్ళు తిరిగే దారి ఉంటుంది. ఒక గొట్టంలోంచి చల్లటి నీళ్ళు లోపలికి, రెండో గొట్టంలోంచి వేడెక్కిన నీళ్ళు బయటికి. నీళ్ళు తోడటానికి గడ్డి కూలర్లో ఉండే చిన్న మోటారు. ఇంతవరకూ గొడవ లేదు. ఆ నీళ్ళని ఎందులో ఉంచి చల్లార్చాలన్న దగ్గర ఇద్దరూ విడిపోయారు.

న్యాయం చెప్పే పని నా మీద పడింది. నేను పెట్టిన షరతులు తేలికైనవే. ఇద్దరికీ రాగి పలక ఒకటే, మోటారు ఒకటే. మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టాలి, కిటికీలు మూసెయ్యాలి. మిక్సింగ్‌కి పెట్టేది ఇద్దరికీ మా పెళ్ళే, ఎందుకంటే మా దగ్గర అంత పొడుగు పెళ్ళి ఇంకోటి లేదు. మిక్సింగ్ నడుస్తుంటే తెరమీద చిన్న డబ్బాలో పెళ్ళి మూగగా, నెమ్మదిగా కదులుతూ కనిపిస్తుంది, దాని కింద అయినంత పనిని చూపే పచ్చగీత నిండుతుంటుంది. కంప్యూటర్ ఆగిపోయేటప్పటికి పెళ్ళి ఎక్కడిదాకా వచ్చిందో అదే ఆ కూలర్ సామర్థ్యం. ఉత్త ఫ్యాను గౌరీపూజ దగ్గర చచ్చిపోతుంది, అది మాకు ముందే తెలుసు.

ముందు మా ఆయనది. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు, ఆ నీళ్ళలో ఐసు. ఐసు ఎక్కడ దొరుకుతుందంటే కాశీబుగ్గలో చేపల దగ్గర. చేపల పెట్టెలోంచి తీసిన ఐసు గడ్డ గోనెలో చుట్టి తెచ్చాడు. స్టూడియో అంతా వంజరం వాసన. అప్పుడే పెళ్ళి ఆల్బం చూసుకోడానికి వచ్చిన ఒక పెద్దమ్మ గుమ్మంలో ఆగి, ముక్కు మూసుకుని, తర్వాత వస్తానని వెళ్ళిపోయింది. అయినా ఐసు పనిచేసింది. గౌరీపూజ దాటింది, కన్యాదానం దాటింది, జీలకర్ర బెల్లం దాటింది. మా ఆయన చొక్కా గుండీ విప్పుకుని మా తమ్ముడి వైపు అదోలా చూశాడు. తాళి కట్టే దగ్గర మా అత్త అంది:

"దానికి సెమటెందుకు పట్టిందిరా?"

నిజమే. మా సముద్రం గాలికి చల్లటి గొట్టం మీద నీటిబొట్లు పట్టి, ఒక్కొక్కటీ కింద ఉన్న సర్క్యూట్ మీదికి జారుతున్నాయి. మా ఆయన ఒక్క గెంతులో స్విచ్చి కట్టేశాడు. తెరమీద కూడా ఆయన తాళి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఐసు కూలర్ ఫలితం తాళి అని ప్రకటించాను. చెమట నా తప్పు కాదని ఆయన వాదన. ఎవరి తప్పని నేను అడగలేదు.

తర్వాత మా తమ్ముడిది. వాడు కొత్త మట్టికుండలు తెచ్చి, తడి ఇసక మీద వరసగా పెట్టి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి గొట్టం తిప్పాడు. కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయని చెప్పడానికి మాకు పరీక్ష అక్కర్లేదు, వేసవంతా తాగేవి అవే. స్టూడియోలో కాలు పెట్టే చోటు లేక, ఫొటోకి వచ్చినవాళ్ళని కుండల మధ్య నిలబెట్టి తీశాం. కుండల కూలర్ మెల్లగా, చెమట పట్టకుండా, తాళి దాటి తలంబ్రాల్లోకి వెళ్ళింది. మా తమ్ముడు ఒక్క ఈల వేశాడు. ఇద్దరం తెరమీద దోసిళ్ళెత్తి ఉండగా కంప్యూటర్ ఆగిపోయింది.

"తలంబ్రాలు. గెలిసీసినాను బావా" అన్నాడు మా తమ్ముడు.

"ఏటి గెలిసినావు? ఇయ్యాల మబ్బేసింది. సముద్రం మీదనుంచి గాలి తిరిగింది. నా రోజు ఎండ పేలిపోనాది" అన్నాడు మా ఆయన.

"మబ్బు నేనేసినానేటి?"

"మబ్బున్న రోజు సూసుకుని ఎట్టినావు."

రెండు రోజులు ఇదే గొడవ. మబ్బులేని రోజు మళ్ళీ పెట్టించాను. ఈసారి కుండలు కూడా తాళి దగ్గరే ఆగాయి. మా తమ్ముడు టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆ సందులో మా అత్త దిగింది. ఉత్త నీళ్ళకి ఏం చలవ ఉంటుంది, కొబ్బరి బొండాం నీళ్ళు పొయ్యండి, వేడి చేసినవాళ్ళకి మనం ఇచ్చేది అదే కదా అంది. అత్తగారు కాబట్టి ఆవిడకీ ఒక అవకాశం ఇచ్చాను. లేకపోతే ఆ ఏడంతా వినాల్సి వచ్చేది. బొండాం నీళ్ళు ఉత్త నీళ్ళలాగే నడిచి కన్యాదానం దగ్గర ఆగాయి. ఇంకా ముందుకెళ్ళేవేమోగాని, టబ్బు పక్కనుంచి చీమలు బారుకట్టి గొట్టం వెంబడి కంప్యూటర్‌లోకి వెళ్ళిపోయాయి. మర్నాటికి నీళ్ళు పులిసి నురగ కక్కాయి. రాగి పలకలో జిగురు కడగడానికి నాకు పూటంతా పట్టింది. ఇంకో చుట్టం వచ్చి జీడితొక్కల నూనె పోస్తే తుప్పు పట్టదని సలహా ఇచ్చాడు. ముట్టుకుంటే చేతులు బొబ్బలెక్కే నూనె అది. ఆయన్ని టీ కూడా ఇవ్వకుండా పంపేశాను.

ఆ రోజు నాకు నిజంగా ఒళ్ళు మండింది. గదినిండా కుండలు, చేపల వాసన, చీమలు. ఎన్నిసార్లు చూశానో ఆ పెళ్ళిని. వీధిలో టీకొట్టువాడికి కూడా మా పురోహితుడు ఎప్పుడు తుమ్ముతాడో తెలిసిపోయింది. అప్పగింతలు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. ఇద్దర్నీ నిలబెట్టి అడిగాను, మీరు కూలర్లు చేస్తున్నారా, మామ్మకి వీడియో చేస్తున్నారా అని.

"టబ్బులో నీళ్ళు కాసేపటికి వేడెక్కిపోతున్నాయి. కుండలో నీళ్ళూ వేడెక్కిపోతున్నాయి. వేడెక్కని నీళ్ళు కావాలి మీకు. మామ్మ ఇంటి నూతిలో ఉన్నాయి కదా" అన్నాను.

ఎర్రటి ఎండలో కూడా ఆ నూతి నీళ్ళు ఒక్క చెంబు నెత్తిన పోసుకుంటే ఊపిరాగిపోయేది. చిన్నప్పుడు మామ్మ నన్ను పట్టుకుని పోసేది, నేను కెవ్వుమనేదాన్ని. నూతి మాట అన్నది నేనే. ఇప్పటికీ వాళ్ళిద్దరూ ఎవరికి వాళ్ళు తమ ఆలోచనే అంటారు.

కంప్యూటర్‌ని ఆటోలో మా ఊరు తీసుకెళ్ళాం. గాజు బుడ్డి మోనిటర్ బొంతలో చుట్టి నా ఒళ్ళో పెట్టుకున్నాను. దారిలో చూసినవాళ్ళు పసిబిడ్డ అనుకుని పక్కకి తప్పుకున్నారు. మా అత్త కూడా బయల్దేరింది, పెళ్ళి ముక్కలు చేస్తామేమోనని కాపలా.

నూతి మీద తోటకి నీళ్ళు తోడే పెద్ద మోటారు ఉంది. దాని గొట్టానికి సన్నటి గొట్టం తగిలించి కిటికీలోంచి లోపలికి తెచ్చాడు మా తమ్ముడు. నీళ్ళు రాగి పలకలోంచి తిరిగి రెండో కిటికీలోంచి కొబ్బరి పాదుల్లోకి పోతాయి. మామ్మ మంచం కంప్యూటర్ ముందుకి జరిపాం. మంచి కన్ను తెర వైపు వచ్చేలా దిండు సర్దాను. మా ఆయన దండం పెట్టి బటన్ నొక్కాడు.

ఆ చిన్న డబ్బాలో మా పెళ్ళి మొదలైంది. మాట వినపడదు కాబట్టి మాటలన్నీ మామ్మే చెప్పింది. గౌరీపూజ దగ్గర కుచ్చిళ్ళు ఎవరు పెట్టారని విసుక్కుంది. జీలకర్ర బెల్లం దగ్గర మా ఆయన్ని చూసి, "ఇప్పుడికన్నా అప్పుడే బాగున్నాడు" అంది. తాళి దాటింది. బావలిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపారు. తలంబ్రాలు దాటాయి. అక్కడి నుంచి ముందుకి మేమెవరం ఎప్పుడూ వెళ్ళలేదు. సప్తపది వచ్చింది. బిళ్ళ వేడి చూపించే అంకె ఎక్కడిదక్కడే ఉంది.

అప్పుడు నూతి దగ్గర మోటారు చప్పుడు ఆగిపోయింది.

ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంది, కంప్యూటర్ నడుస్తూనే ఉంది. మా ఆయనకి ఏమీ అర్థం కాలేదు. మా ఊళ్ళో తోటల మోటార్లకి వేరే కరెంటు, త్రీ ఫేజ్ అంటారు, అది వంతుల ప్రకారం కొన్ని గంటలే ఇస్తారు. ఒక వారం పొద్దుట, ఒక వారం మధ్యాహ్నం. ఇది పలాసలో స్టూడియో నడిపేవాడికి తెలియకపోవచ్చు. రోజూ ఆ కరెంటు కోసం కాచుకుని కూర్చునే మా తమ్ముడికి తెలియాలి.

"ఈ వారం పొద్దుట వంతు కదరా, అది అయిపోనాది" అన్నారు నాన్న.

"మర్సిపోనాను" అన్నాడు మా తమ్ముడు.

అంకె ఎక్కడం మొదలెట్టింది. తెరమీద మా అమ్మ పళ్ళెంలో పాలు పోస్తోంది. అప్పగింతలకి పాలల్లో చేతులు ముంచే పళ్ళెం అది. ఇన్నేళ్ళకి అక్కడిదాకా వచ్చి మళ్ళీ వినాయకుడి దగ్గరికి వెళ్ళడమంటే నా వల్ల కాదు. ముందు కదిలింది మా తమ్ముడే. స్నానాల గది గోడ మీద ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ముకి గొట్టం తగిలించి, "డ్రమ్ము నిండుగా ఉంటే సాలు, నీళ్ళు వాటంతటవే దిగుతాయి. తోడండి" అని అరిచాడు.

నాన్న నూతి చేంతాడు అందుకున్నారు. బక్కెట్లు అందుకోడానికి మా అమ్మ, అందించడానికి మా తమ్ముడు, గోడ మీద గొంతుక్కూర్చుని డ్రమ్ములో పొయ్యడానికి మా ఆయన. ఒక బక్కెట్టు డ్రమ్ములోకి పోతే అర బక్కెట్టు ఆయన మీద పడుతోంది. నేను కిటికీ దగ్గర నిలబడి అంకె చెబుతున్నాను. ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఆగింది. డ్రమ్ములో నీళ్ళు అడుగంటితే మళ్ళీ ఎక్కుతోంది. మా అత్త చీర బొడ్లో దోపుకుని రెండో చేంతాడు వేసింది. ఆవిడకి తోడుగా ఇంకో చెయ్యి కావాలంటే నేనూ పరిగెత్తాను. మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో అతను కూడా ఏమైందో తెలుసుకోకుండానే బక్కెట్టు పట్టుకున్నాడు. పక్కింటివాళ్ళు ఇల్లు అంటుకుందనుకుని బిందెలతో వచ్చారు. వాళ్ళకి చెప్పేంత తీరిక లేక వాళ్ళ బిందెలు కూడా డ్రమ్ములో పోయించుకున్నాం.

ఎంతసేపు తోడామో నాకు తెలీదు. చేతులు పట్టు తప్పుతున్నాయి. అప్పుడు లోపలినుంచి మామ్మ గొంతు వినిపించింది.

"ఒలే, ఇక్కడేటో పచ్చగీత నిండిపోనాది. ఇంక ఆపీండి, నూతిలో నీరు మాకు ఉంచండి."

తడిబట్టలతో అందరం లోపలికి పడ్డాం. నిండిపోయింది. మా పెళ్ళి ముక్కలవకుండా, మొదటినుంచి చివరిదాకా, తయారైపోయింది. మా ఆయన రాగి పలక మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. ఇంతకీ ఇది ఎవరి కూలర్ కింద లెక్క అని అడగబోయాడు. నేను చూసిన చూపుకి ఆగిపోయాడు.

"అప్పగింతలు సూసినావా మామ్మా?" అని అడిగాను.

మామ్మ పైటకొంగుతో కన్ను ఒత్తుకుంటోంది. శుక్లం వల్ల నీరు కారుతోందా, మరోటా అన్నది నేను అడగలేదు.

"సూసినాను. మీ నాన్న పాలు కింద ఒలకబోసీసినాడు. మీ అత్త మంచిదే, నీ సెయ్యి గట్టిగా పట్టుకుంది." మా అత్త సిగ్గుపడి తడి చీర పిండుకుంది. "మరి నువ్వు, పాలల్లోంచి సెయ్యి తీసినాక, ఎనక్కి తిరిగి సూసినావు. అందరూ ఎదురుగుండానే ఉన్నారు కదే. ఎవుల్ని ఎతికినావు?"

"నిన్నే" అన్నాను.

"నాను రానేదని నీకు తెలుసు కదా."

"తెలుసు."

మామ్మ తడిసి ముద్దయి నిలబడ్డ మా అందర్నీ వరసగా చూసి నవ్వింది.

"ఆ రోజు మీరందరూ ఉన్నారు, నాను లేను. ఇయ్యాల నాను సూత్తంటే మీరొక్కలూ లేరు. సెల్లుకి సెల్లు" అంది. "మళ్ళీ ఎయ్యండి. ఈసారి అందరం సూద్దాం."

"మళ్ళీ నీళ్ళు తోడాలేటి?" అని నాన్న భయపడ్డారు. తయారైన వీడియో ఆడించడానికి అంత వేడి పుట్టదు మావా అని మా ఆయన ధైర్యం చెప్పాడు. అయినా మా తమ్ముడు ఎందుకైనా మంచిదని బక్కెట్టు గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాడు.

ఈసారి తెరనిండా, పాటలతో, నేను తీసెయ్యడం మర్చిపోయిన గులాబీలతో సహా మా పెళ్ళి నడిచింది. అప్పగింతలు వచ్చేసరికి మామ్మ నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. తెరమీద నేను పాలల్లోంచి చెయ్యి తీసి, వెనక్కి తిరిగి, గుంపులో ఎవరికోసమో చూశాను.

"ఇక్కడున్నానే అమ్మీ" అంది మామ్మ, తెరమీది పిల్లతో.